అంకె పక్కన అది దేని లెక్కో కూడా వేయండి

సంపాదకులకు,

నమస్కారం. కరోనాకు ఐదేళ్లు నిండిన సందర్భంగా మీరు వేసిన ప్రత్యేక పేజీ చదివాను. చదివాను అనడం కన్నా తనిఖీ చేశాను అనాలి. 31 ఏళ్లు ఆడిట్ విభాగంలో పనిచేసి రిటైరైనదాన్ని. ఎక్కడైనా గళ్ల పట్టిక కనిపిస్తే చాలు, చేతిలోకి పెన్సిలు దానంతటదే వస్తుంది. మీ పేజీ మధ్యలో దేశాల పట్టిక ఒకటి ఉంది. మొత్తం కేసులు, మొత్తం మరణాలు, 'టీకా వేసుకున్నవారు - శాతం', చివర్లో 'ర్యాంకు'. అడుగున సన్నని అక్షరాలతో 'తాజా గణాంకాలు' అని ఒక మాట. ఈ ఉత్తరం ఆ పట్టిక గురించే.

నా దగ్గర ఒక లెడ్జరు ఉంది. 2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని మహమ్మారి అని చెప్పిన రాత్రి మొదలుపెట్టాను. పది దేశాలు, దేశానికో పేజీల కట్ట. మా అమ్మాయి ఉంటోందని బ్రిటన్. మా తమ్ముడి కూతురు వృద్ధులను చూసుకునే పని మీద వెళ్లిందని ఇజ్రాయెల్. మా ఆయన చిన్ననాటి స్నేహితుడు ఒకాయన ఉన్నారని టాంజానియా. భారత్ సంగతి చెప్పక్కర్లేదు. ఇటలీ, స్పెయిన్, అమెరికా, బెల్జియం, పెరూ లాంటివి వార్తల్లో పేరు మోగిన కొద్దీ వచ్చి చేరాయి. రోజూ రాత్రి తొమ్మిదిన్నరకు జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీ వాళ్ల పట్టిక తెరిచి నిన్నటి మొత్తం, ఇవాళ్టి మొత్తం, తేడా రాసుకునేదాన్ని. మూడేళ్లు రాశాను. 2023 మార్చి 10న వాళ్లు లెక్కల సేకరణ ఆపేశారు. నా లెడ్జరూ అక్కడే ఆగింది, చివరి పేజీ సగం ఖాళీగానే ఉంది.

మీ 'తాజా గణాంకాలు' ఆ చివరి పేజీ పక్కన పెట్టి చూశాను. పదింటిలో ఏడు దేశాలకు ఒకట్ల స్థానం దాకా టాలీ అయ్యాయి. అంటే మీరు తాజా అని వేసినవి రెండేళ్ల కిందటివి. అంకెలు తప్పని నేను అనడం లేదు, తేదీ లేదంటున్నాను. తేదీ లేని బ్యాలెన్స్ షీటు మా టేబుల్ మీదికి వస్తే చదవకుండానే వెనక్కి పంపేవాళ్లం.

ఇప్పుడు ఇన్ని చెబుతున్నాను గానీ మొదట్లో నేనూ బోల్తా పడ్డాను. ఏప్రిల్‌లో ఒక సోమవారం బ్రిటన్ అంకె బాగా కిందికి దిగింది. వెంటనే అమ్మాయికి ఫోన్ చేసి, "తగ్గుముఖం పట్టిందే, గండం గడిచినట్టే" అన్నాను. "అమ్మా, శని ఆదివారాలు లెక్కలు పంపేవాళ్లు తక్కువ. బుధవారం దాకా ఆగి చూడు" అంది. బుధవారానికి పాత అంకె కన్నా పైకి పోయింది. ఆ రోజే లెడ్జరులో స్కేలు పెట్టి ఇంకో నిలువు గడి గీశాను, ఏడు రోజుల సగటు అని. ఏ ఏడు రోజులు తీసుకున్నా అందులో ఒక శనివారం, ఒక ఆదివారం ఉండి తీరతాయి కాబట్టి సెలవుల ఎగుడుదిగుడు సర్దుకుంటుంది. స్పెయిన్ అయితే తర్వాత తర్వాత వారాంతాల్లో లెక్క ఇవ్వడమే మానేసింది. సోమవారం ఒక్కసారిగా మూడు రోజులది కలిపి ఇచ్చేది. ఆ సోమవారం అంకె చూసి 'స్పెయిన్‌లో కేసుల విస్ఫోటనం' అంటే ఏం చెప్పాలి?

ఒక పేజీ మాత్రం ఇప్పటికీ తెరిస్తే పెన్ను ఒత్తి రాసిన గుర్తు వెనకవైపు తగులుతుంది. 2020 అక్టోబర్ మొదటి వారం, బ్రిటన్. శుక్రవారం 6,968. శనివారం 12,872. ఆదివారం 22,961. రెండు రోజుల్లో మూడింతలు దాటింది. ఆ రాత్రి అమ్మాయికి నాలుగుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. డ్యూటీలో ఉందని నాకు తెలుసు. తెలిసీ చేశాను. మా ఆయన లేచి నీళ్లిచ్చి, "అంకెలే కదా, పొద్దున చూద్దువులే" అన్నారు. అంకెలే కాబట్టే నా టెన్షన్. 31 ఏళ్లు వాటితోనే బతికినదాన్ని కదా.

పొద్దున తెలిసింది, జబ్బు అంతగా పెరగలేదు, ఎక్సెల్ షీటు నిండిపోయింది. ల్యాబుల నుంచి వచ్చిన రిజల్టులను పాత ఫార్మాట్ ఫైల్లోకి ఎక్కించారట. ఆ ఫార్మాట్‌లో 65,536 వరసలే పడతాయి. ఆ పైన వచ్చినవి వచ్చినట్టే రాలిపోయాయి. సెప్టెంబర్ 25 నుంచి అక్టోబర్ 2 దాకా అలా జారిపోయిన 15,841 కేసులను తెచ్చి శని, ఆదివారాల మీద పోశారు. పాజిటివ్ వచ్చినవాళ్లకు కబురు అందింది గానీ, వాళ్లు ఎవరెవరిని కలిశారో వెతికే పని ఆలస్యమైంది, అసలు నష్టం అక్కడ. మా ఆఫీసులోనూ పాత షీట్లు వాడిన రోజులున్నాయి కాబట్టి నాకు ఇది కళ్లకు కట్టినట్టు అర్థమైంది. కింది వరసలు మాయమైతే చప్పుడవదు, ఎర్ర దీపం వెలగదు. ఉన్నవాటిని మాత్రం ముచ్చటగా కూడి పెడుతుంది.

మీ పత్రికలో ఆ మర్నాడు 'బ్రిటన్‌లో ఒక్కరోజే 23 వేలు' అని పెద్ద శీర్షిక వచ్చింది. కారణం మూడు రోజుల తర్వాత లోపలి పేజీలో, నాలుగు లైన్లలో వచ్చింది. ఆ రెండు కత్తిరింపులూ లెడ్జరులో ఎదురెదురుగా అంటించాను.

కూడికలే కాదు, తీసివేతలూ ఉన్నాయి నా దగ్గర. 2020 మే 25న స్పెయిన్ రెండుసార్లు రాసినవి, నిర్ధారణ కానివి ఏరేసి మొత్తం మరణాల నుంచి దాదాపు 2 వేలు తగ్గించింది. మరణాల గడిలో మైనస్ పెట్టి ఎర్ర సిరాతో రాస్తుంటే మా ఆయన భుజం మీదుగా తొంగిచూసి, "పోయినవాళ్లు లేచొచ్చారా ఏంటే?" అన్నారు. సర్దుబాటు ఎంట్రీ అని చెప్పాను. ఆగస్టు 12న బ్రిటన్ కూడా ఇదే పని చేసింది. అప్పటిదాకా ఇంగ్లండ్‌లో ఒకసారి పాజిటివ్ వచ్చిన మనిషి ఎన్ని నెలల తర్వాత ఏ కారణంతో పోయినా కరోనా ఖాతాలో రాసేవారట. 28 రోజుల్లోపు పోతేనే రాయాలని నిబంధన మార్చేసరికి ఆ ఒక్కరోజే 5 వేలకు పైగా మరణాలు లెక్కలోంచి తప్పుకున్నాయి. బెల్జియం దీనికి అడ్డం తిరిగిన ఉదాహరణ. వృద్ధాశ్రమాల్లో పరీక్ష చేయకుండానే అనుమానంతో పోయినవాళ్లనూ కలిపి రాసింది. దాంతో మొదటి వేవ్‌లో ప్రపంచంలోనే చెడ్డ దేశంలా కనిపించింది. నిజాయితీగా రాసుకున్నందుకు ర్యాంకు చెడింది పాపం.

అన్నిటికన్నా పెద్ద సర్దుబాటు పెరూది. 2021 మే 31 దాకా అక్కడి మరణాలు 69,342. ఆ రోజు సవరించి 1,80,764 అన్నారు. పరీక్షలో తేలినవాళ్లనే కాకుండా, లక్షణాలను బట్టి, ఇతర ఆధారాలను బట్టి కరోనాయే అనదగ్గవాటినీ కలపాలని నిపుణులు చెప్పారు. ఆ రాత్రికి రాత్రి 1,11,422 మంది చనిపోలేదు. అంతకుముందు ఏడాదికి పైగా పోయినవాళ్లు ఆ రోజు పుస్తకంలోకి ఎక్కారు. గ్రాఫు గీసేవాళ్లు దాన్ని ఒకే రోజు మీద గోడలా నిలబెట్టారా, పాత నెలలకు సర్దారా అన్నదాన్ని బట్టి పెరూ వేవ్ ఆకారమే మారిపోతుంది.

ఇక మీ ర్యాంకు గడి. మొత్తం మరణాల ప్రకారం అమెరికా మొదటిది, 2022 మేలోనే అక్కడ 10 లక్షలు దాటింది. పెరూ చాలా కిందికి పోయింది. అమెరికా జనాభా 33 కోట్లు, పెరూది మూడు కోట్ల పైచిలుకు. లక్ష మందికి ఎంత అని వేసి చూడండి, పెరూలో మరణాలు అమెరికాకు దాదాపు రెట్టింపు. ఆఖరుకు లక్షకు ఎంత అన్నది కూడా అన్నీ చెప్పదు. ముసలివాళ్లు ఎక్కువున్న దేశం, కుర్రవాళ్లు ఎక్కువున్న దేశం ఒకటి కావు. అయినా కనీసం ఆ మాత్రం భాగహారం చేయకుండా ర్యాంకు ఇవ్వడం, క్లాసులో ఎంతమంది పిల్లలున్నారో చూడకుండా ఫెయిలైనవాళ్ల సంఖ్యతో స్కూళ్లకు మార్కులు వేసినట్టుంది.

మీ పట్టికలో చిట్టచివర, అంటే 'మెరుగైన' కొసన, టాంజానియా ఉంది. నా లెడ్జరులో టాంజానియా పేజీలు చూస్తే మీరు ఆ పొరపాటు చేసేవారు కాదు. 2020 మే మొదట్లో 509 దగ్గర ఆగింది. మర్నాడు 509. ఆ మర్నాడు 509. వారం తర్వాత అంకె రాయడం మానేసి డిటో గుర్తులు పెట్టాను, పేజీల కొద్దీ డిటోలే. ప్రభుత్వం లెక్కలు బయటపెట్టడం ఆపేసింది. అధ్యక్షుడు మగుఫులి 2021 మార్చిలో చనిపోయి, కొత్త అధ్యక్షురాలు వచ్చాక, ఆ ఏడాది మధ్యలో గానీ మళ్లీ అంకె కదల్లేదు. కేసులు లేకపోవడానికి, లెక్క లేకపోవడానికి పట్టికలో ఒకే గుర్తు వాడకూడదు. సున్నా వేరు, ఖాళీ వేరు. ఉత్తర కొరియా చూడండి, 2022 మేలో లక్షల మందికి 'జ్వరం' అని ప్రకటించింది, కరోనా అనే గడిలో రాయలేదు. దాన్ని మీరు ఎక్కడ వేస్తారు?

వోచర్లు సరిగా లేనప్పుడు మేం గోడౌన్‌కు వెళ్లి సరుకు లెక్కపెట్టేవాళ్లం. మరణాల్లో అలాంటి లెక్క 'అదనపు మరణాలు'. మామూలు ఏడాదుల్లో ఎంతమంది పోతారని అంచనా, ఈ ఏడాది అన్ని కారణాలతో ఎంతమంది పోయారు, ఆ రెండింటి తేడా. ఏ గడిలో ఏం రాశారన్న గొడవ దీనికి లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మే 5న ఇచ్చిన అంచనా ప్రకారం 2020, 2021 రెండేళ్లకూ ఇవి దాదాపు 1.49 కోట్లు. దేశాలు కరోనా ఖాతాలో రాసినవి ఆ కాలానికి 54 లక్షలే. ఈ లెక్క కట్టిన పద్ధతిని భారత ప్రభుత్వం ఒప్పుకోలేదు. మంచిదే, రెండు వాదనలూ వేయండి, పాఠకులు చదువుకుంటారు. మీ పేజీలో ఆ మాటే కనిపించలేదు.

టీకా దగ్గరికి వద్దాం. నన్ను కాగితం, కలం పట్టించింది ఈ గడే. మీ పట్టిక ప్రకారం నాలుగు దేశాల్లో 'టీకా వేసుకున్నవారు' 200 శాతం దాటారు. డెస్కులో ఒక్కరికైనా ఇది వింతగా అనిపించలేదా? డోసుల సంఖ్యను జనాభాతో భాగించి, పైన 'వారు' అని హెడ్డింగు పెట్టారు. భారత్‌నే తీసుకోండి. 2022 జులై 17న 200 కోట్ల డోసులు పూర్తయ్యాయి. జనాభా 140 కోట్లు అనుకుంటే నూటికి 143 డోసులు. అవి డోసులు. ఎంతమంది మనుషులో తెలియాలంటే మొదటి డోసు వేసుకున్నవాళ్లను విడిగా తీసుకోవాలి, ఆ లెక్క అప్పట్లో రోజూ విడిగానే ఇచ్చేవారు కూడా.

మీ మీద రాయి వేసే హక్కు నాకు పూర్తిగా లేదు. 2020 డిసెంబర్ 8న బ్రిటన్‌లోని కొవెంట్రీలో 90 ఏళ్ల మార్గరెట్ కీనన్‌కు టీకా వేసినట్టు టీవీలో చూసి, తొమ్మిది నెలల తర్వాత మొదటిసారి పెరిగితే సంతోషించాల్సిన అంకె దొరికిందని లెడ్జరులో కొత్త పేజీ తీశాను. పైన 'టీకా - మంది' అని రాశాను. భారత్‌లో 2021 జనవరి 16న మొదలయ్యాక దానికీ అదే హెడ్డింగు. ఫిబ్రవరి 13 నుంచి రెండో డోసులు వేయడం మొదలైంది. నేను మాత్రం మార్చి దాకా 'మంది' అనే రాసుకుంటూ పోయాను. అమ్మాయి చెప్పాక కొట్టేసి 'డోసులు' అని రాసి, పక్కన పొట్టి సంతకం చేశాను. కొట్టివేత మీద సంతకం లేకపోతే నాకు నిద్రపట్టదు.

వంద దాటడం ప్రతిసారీ తప్పు కాదు, అదొక తమాషా. స్పెయిన్‌ను ఆనుకుని ఉన్న బుల్లి బ్రిటిష్ ప్రాంతం జిబ్రాల్టర్‌లో నిజంగానే మనుషుల లెక్కే వంద శాతం దాటింది. జనాభా ముప్పై వేల పైచిలుకే, రోజూ స్పెయిన్ నుంచి సరిహద్దు దాటి పనికొచ్చే వేల మందికి కూడా అక్కడే టీకా వేశారు. పై అంకెలో వాళ్లున్నారు, కింది జనాభాలో లేరు. అలాంటప్పుడు చుక్క గుర్తు పెట్టి కింద ఒక్క ముక్క రాస్తే పోతుంది.

దేనితో భాగించారన్నది ఇంకో చిక్కు. ప్రభుత్వాలు ఎక్కువగా 'పెద్దవాళ్లలో ఇంత శాతం' అని చెప్పుకునేవి. అంతర్జాతీయ పట్టికలు పిల్లలతో సహా మొత్తం జనాభాతో భాగించేవి. ఒకే దేశానికి, ఒకే రోజు, రెండు శాతాలు, రెండూ నిజమే. 'పూర్తిగా టీకా వేసుకున్నవారు' అనే మాటా స్థిరంగా లేదు. జాన్సన్ అండ్ జాన్సన్ టీకాకు ఒక్క డోసుతో పూర్తి, క్యూబా అబ్దాలాకు మూడు. ఇజ్రాయెల్ 2021 అక్టోబర్‌లో, హోటళ్ల లాంటి చోట్లకు వెళ్లనిచ్చే గ్రీన్ పాస్‌కు మూడో డోసు కావాలని పెట్టింది. రెండు వేసుకుని చాలాకాలమైన మా మేనకోడలు రాత్రి 'పూర్తి'గా పడుకుని తెల్లారి 'అసంపూర్తి'గా లేచింది.

ఆ అమ్మాయే అంతకు రెండు నెలల ముందు, ఆగస్టులో ఫోన్ చేసి, "అత్తా, ఇక్కడ సీరియస్‌గా ఉన్నవాళ్లలో సగానికి పైగా రెండు డోసులు వేసుకున్నవాళ్లేనట. మరి టీకా దేనికి?" అంది. మీ పేజీలో ఎడమవైపు బాక్సులోనూ ఇదే వాక్యం ఉంది, అదే ప్రశ్నార్థకంతో. వాక్యం నిజమే. అయితే ఆ వయసువాళ్లలో టీకా వేసుకున్నవాళ్లు ఎంతమంది? నేను కాగితం తీసి ఊహకు ఒక లెక్క వేసి చెప్పాను. 1,000 మంది ముసలివాళ్లు ఉన్నారనుకో. 900 మంది వేసుకున్నారు, 100 మంది వేసుకోలేదు. వేసుకున్న 900లో 9 మంది, వేసుకోని 100లో 6 మంది ఆస్పత్రిలో చేరారు. మొత్తం 15 మంచాలు. అందులో 9, అంటే 60 శాతం, టీకావాళ్లే. ఇప్పుడు అటునుంచి చూడు, టీకావాళ్లలో నూటికి ఒకరు, లేనివాళ్లలో నూటికి ఆరుగురు. ఫోన్లో కాసేపు మాట లేదు. తర్వాత, "అయితే అందరూ వేసుకుంటే ఆస్పత్రిలో నూటికి నూరు శాతం టీకావాళ్లే ఉంటారన్నమాట" అంది. అంతే కదా మరి. ఆ వారమే తను చూసుకునే పెద్దావిడను బూస్టర్‌కు తీసుకెళ్లింది. మీ బాక్సు చదివినవాళ్లకు ఈ రెండో లెక్క చెప్పేవాళ్లెవరు?

కేసుల గ్రాఫు గురించి ఒక్క మాటతో సరిపెడతాను. 2020 మార్చిలో చాలా దేశాల్లో ఆస్పత్రికి వచ్చినవాళ్లకే పరీక్షలు. 2022లో ఇంట్లోనే కిట్టుతో చూసుకుని ఎవరికీ చెప్పనివాళ్లు కోకొల్లలు. మీరు ఈ రెండు కాలాల కొండలను ఒకే గీత మీద గీసి, 'మొదటి వేవ్ చిన్నది' అని బాణం గుర్తు పెట్టారు. ఆ మొదటి వేవ్‌లో ఇటలీ పేజీలు నింపినదాన్ని, చిన్నది అంటే నాకు మింగుడు పడలేదు. పరీక్షల్లో నూటికి ఎన్ని పాజిటివ్ వచ్చాయో పక్కన వేసి ఉంటే ఎంత దొరికింది, ఎంత దొరకలేదు అన్నది కొంతైనా తెలిసేది.

టీకా విషయంలో అసలు పోల్చాల్సింది మీ పట్టికలో లేనే లేదు, అది మొదలైన తేదీ. బ్రిటన్ 2020 డిసెంబర్‌లో మొదలుపెడితే, ఆఫ్రికాలోని బురుండీలో మొదటి సూది పడింది 2021 అక్టోబర్‌లో. మధ్యలో పది నెలలు. ఈలోపు ఇజ్రాయెల్ మూడో డోసుకు వచ్చేసింది. 2022 మధ్యకల్లా ప్రతి దేశంలో 70 శాతానికి వేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లక్ష్యం పెట్టుకుంది. పేద దేశాలు చాలావరకు ఆ దరిదాపుల్లోకి రాలేదు. మీరు వేసిన 'ప్రపంచ సగటు' అనే ఆఖరి వరసలో ఆ పది నెలలు ఎక్కడా కనిపించవు.

నేను అడిగేది చిన్నది. ఆ పట్టికను సవరించి మళ్లీ వేయండి. ఏ తేదీ దాకా లెక్క, లెక్కపెట్టింది మనుషులనా డోసులనా, ఏ జనాభాతో భాగించారు, ఈ మూడు ముక్కలూ కింద ఉంటే చాలు. ర్యాంకు గడి తీసేయండి, ఎవరూ బెంగపెట్టుకోరు. టాంజానియా గడిలో 'లెక్క ఇవ్వలేదు' అని రాయండి. మొదటి పేజీలో వేయమని అడగను, వేసిన చోటే, అదే సైజులో వేయండి.

జాగా లేదంటారేమోనని స్కేలుతో కొలిచాను. పట్టిక కుడివైపున మీరు వేసిన సిరంజి బొమ్మ పొడవు పదకొండు సెంటీమీటర్లు. దాన్ని సగం చేస్తే మీ అక్షరాల సైజులోనే తొమ్మిది లైన్లు పడతాయి, నాకు కావాల్సింది మూడు.

ఇట్లు,
రిటైర్డ్ ఆడిటర్,
మీ పాత చందాదారు